పడవ దగ్గరికొచ్చిన తిమింగలం

2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం ఒడ్డుకి ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. పొడవు 25 అడుగులు. అప్పటికే చచ్చిపోయింది. చుట్టుపక్కల జనం గుంపులుగా చూడటానికి వెళ్లారు.

మన తీరంలో తిమింగలం ఎక్కువగా ఇలాగే కంటబడుతుంది. బతికున్నది లోతు నీళ్లలో తిరుగుతుంది. చచ్చినదే ఒడ్డు చేరుతుంది.

మరి బతికున్న తిమింగలాన్ని చూడాలంటే? అందుకోసం జనం చిన్న చిన్న ఓడలెక్కి వెళ్లే చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో ఒక చోట వింత జరుగుతుంది. అక్కడ మనిషి తిమింగలం దగ్గరికి పోనక్కర్లేదు. తిమింగలమే పడవ దగ్గరికి వస్తుంది. బిడ్డను వెంటబెట్టుకుని మరీ వస్తుంది. చెయ్యి చాపితే తాకనిస్తుంది.

ఆ చోటి పేరు సాన్ ఇగ్నాసియో సరస్సు. అది మెక్సికో దేశంలో ఉంది.

ఎలాంటి చోటు?

అమెరికాకి దిగువన మెక్సికో ఉంది. ఆ దేశానికి పడమటి పక్కన ఒక సన్నటి నేల సముద్రంలోకి చొచ్చుకుని పోయింది. చాచిన వేలులాగ ఉంటుంది. దాని పేరు బాహా కాలిఫోర్నియా. అటూ ఇటూ సముద్రమే. నడుమ ఎడారి. వానలు తక్కువ. ముళ్లచెట్లే ఎక్కువ. మంచినీళ్లకు కటకట.

అక్కడ ఒకచోట సముద్రం ఇరుకు దారిలోంచి లోపలికి వచ్చి సరస్సులాగ నిలిచింది. మన పులికాట్ సరస్సు ఇలాంటిదే. కాకపోతే సాన్ ఇగ్నాసియో అంత పెద్దది కాదు. పొడవు సుమారు 25 కిలోమీటర్లు, వెడల్పు 8 కిలోమీటర్లు. బయట సముద్రం ఎంత పోటు మీదున్నా లోపల నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. చలి తక్కువ. బిడ్డతల్లికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

అందుకే తిమింగలాలు అక్కడికి వస్తాయి. పురిటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తాయి.

చేప కాదు

తిమింగలం నీళ్లలో ఉంటుంది కాబట్టి చేప అనుకుంటాం. కానీ అది చేప కాదు. చేప గుడ్లు పెడుతుంది. తిమింగలం బిడ్డను కంటుంది. పాలిస్తుంది. చేప నీళ్లలోనే ఊపిరి తీసుకుంటుంది. తిమింగలం గాలికోసం పైకి రావాలి. పైకొచ్చి ఊపిరి వదిలినప్పుడు నెత్తిమీది రంధ్రాల్లోంచి తుంపర లేస్తుంది. దూరం నుంచి చూస్తే నీళ్లమీద పొగ లేచినట్టు ఉంటుంది. పడవవాళ్లు దాన్ని చూసే తిమింగలం జాడ పడతారు.

తిమింగలాల్లో చాలా రకాలున్నాయి. సాన్ ఇగ్నాసియోకి వచ్చేది బూడిద రంగు తిమింగలం. పెరిగినదాని పొడవు 40 అడుగుల పైమాటే. ఆర్టీసీ బస్సు కంటే పొడుగన్నమాట. బరువు ఆరేడు ఏనుగులంత. ఒంటినిండా తెల్లటి మచ్చలు. పడవ అడుగున గుల్లలు పట్టినట్టు దాని చర్మానికి కూడా గుల్లలు పట్టి ఉంటాయి.

దానికి పళ్లుండవు. పై దవడ నుంచి కుంచెల్లాంటి పలకలు వేలాడుతుంటాయి. సముద్రం అడుగుకి పోయి పక్కకి ఒరిగి బురదను నోట్లోకి పీలుస్తుంది. ఆ పలకలతో జల్లెడ పట్టినట్టు పడుతుంది. బురద, నీళ్లు బయటికి పోతాయి. రొయ్యపొట్టులాంటి చిన్న చిన్న పురుగులు లోపల మిగులుతాయి. అంత పెద్ద ఒళ్లు, అంత చిన్న తిండి!

ఈ తిండి దొరికేది ఉత్తరాన, మంచు సముద్రాల దగ్గర. ఎండకాలమంతా అక్కడ తింటుంది. కొవ్వు పట్టిస్తుంది. చలికాలం రాగానే దక్షిణానికి బయలుదేరుతుంది. సరస్సుకి వచ్చాక తల్లి దాదాపు ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి కూడు.

దారి ఎంతో తెలుసా? ఒకవైపుకి సుమారు 8,000 కిలోమీటర్లు. పలక తీసుకుని లెక్క వేయండి. పోవటానికి 8 వేలు. రావటానికి 8 వేలు. ఏడాదికి 16 వేల కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి సుమారు 620 కిలోమీటర్లు. అంటే ఆ దారిని 26 సార్లు కొలిచినంత.

ఏడాది పైగా మోసి ఒకే బిడ్డను కంటుంది. పుట్టేసరికే బిడ్డ పొడవు 15 అడుగులు. బరువు టన్నుకి కొంచెం తక్కువ. తల్లి దాన్ని వీపుమీద పెట్టుకుని పైకి లేపి ఊపిరి తీయిస్తుంది. ఆటుపోట్ల వాలుకి ఎదురీత నేర్పిస్తుంది. పాలు ఎంత చిక్కనంటే నూటికి సగం పైగా కొవ్వే. మన గేదె పాలలో నూటికి ఏడు పాళ్లు ఉంటే గొప్ప. రెండు మూడు నెలల్లో బిడ్డ మంచు సముద్రం దాకా ఈదాలి గదా. చిక్కటి పాలు లేకపోతే చలికి ఆగదు.

దెయ్యపు చేప

ఇప్పుడు చేతికి అందే ఈ తిమింగలాన్ని ఒకప్పుడు దెయ్యపు చేప అన్నారు. ఆ పేరు పెట్టింది దాన్ని చంపడానికి వచ్చినవాళ్లు.

ఆ రోజుల్లో కరెంటు లేదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ దీపాల్లో తిమింగలం నూనె పోసేవాళ్లు. దాని కొవ్వు కరిగిస్తే నూనె వస్తుంది. అందుకోసం ఓడలు సముద్రాలన్నీ గాలించేవి. 1857లో చార్ల్స్ స్కామన్ అనే ఓడ కెప్టెన్ బాహా కాలిఫోర్నియాలో ఇలాంటి సరస్సు ఒకదాన్ని కనిపెట్టాడు. దాని పేరు ఓహో దె లియెబ్రె. కుందేలు కన్ను అని అర్థం. లోపల తల్లులూ బిడ్డలూ కిక్కిరిసి ఉన్నాయి. తప్పించుకోవడానికి దారి ఒక్కటే. వేట సులువైంది. సంగతి తెలిసి వేరే ఓడలూ వచ్చిపడ్డాయి. కొద్ది ఏళ్లలోనే సాన్ ఇగ్నాసియో సరస్సుకి కూడా వేట వచ్చింది.

వేటగాళ్లు బిడ్డ మీద పడేవాళ్లు. బిడ్డను వదిలి తల్లి పోదని వాళ్లకి తెలుసు. తల్లి తిరగబడేది. తోకతో కొట్టి పడవల్ని ముక్కలు చేసేది. మనుషుల ఎముకలు విరిగేవి. బిడ్డకోసం కొట్లాడిన తల్లికి వాళ్లు పెట్టిన పేరు దెయ్యం!

స్కామన్ తరవాత వేట మానేశాడు. 1874లో ఆ తీరపు తిమింగలాల గురించీ సీల్ జంతువుల గురించీ పెద్ద పుస్తకం రాశాడు. వాటి అలవాట్లు అంత వివరంగా అంతకుముందు ఎవరూ రాయలేదు. చంపినవాడికే వాటి సంగతి బాగా తెలియడం కూడా ఒక విచిత్రమే.

20వ శతాబ్దంలో పెద్ద మర ఓడలు వచ్చి మిగిలినవాటిని వేటాడాయి. చివరికి ఉన్నవి బహు కొద్ది. అప్పుడు దేశాలు మేలుకున్నాయి. 1946లో 15 దేశాలు తిమింగలాల వేట మీద ఒప్పందం చేసుకున్నాయి. వ్యాపారం కోసం బూడిద తిమింగలాన్ని చంపకూడదన్నారు. రష్యా తూర్పు కొసన ఉండే ఆదివాసులు తిండికోసం కొన్నిటిని పట్టుకోవడానికి మాత్రం అనుమతి ఉంది. మన దేశంలో కూడా వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం తిమింగలాన్ని చంపడం నేరం. ఆ చట్టం 1972లో వచ్చింది.

అదే 1972లో సాన్ ఇగ్నాసియోలో ఒక సంగతి జరిగింది.

పచీకో చెయ్యి చాపాడు

సరస్సు ఒడ్డున పల్లెకారులుండేవాళ్లు. వాళ్లకి తిమింగలమంటే హడలు. దెయ్యపు చేప మాట తాతల నాటి నుంచి వింటున్నదే. వేటకి పోయినప్పుడు తెడ్డుతో పడవ అంచును టకటకా కొట్టేవాళ్లు. ఆ చప్పుడికి దూరంగా పోతుందని ఆశ.

ఫ్రాన్సిస్కో మయొరాల్ కూడా అలాంటి జాలరే. అందరూ పచీకో అని పిలిచేవాళ్లు. ఒకరోజు తోటి జాలరితో కలిసి చేపల వేటకి వెళ్లాడు. చెక్క పడవ. ఉన్నట్టుండి ఒక పెద్ద తిమింగలం పడవ పక్కన లేచింది. అటు పోయింది, ఇటు వచ్చింది. పడవ కిందుగా దూరింది. పక్కనే ఆగింది. పోదు. ఇద్దరికీ కాళ్లు వణికాయి.

ఎంతసేపటికీ అది ఏమీ చేయలేదు. పచీకో మెల్లగా చెయ్యి చాపాడు. ముందు ఒక వేలు తాకించాడు. తిమింగలం కదల్లేదు. అరచెయ్యి ఆనించాడు. మెత్తగా ఉంది. అది పారిపోలేదు, కొట్టలేదు. నిమిరించుకుంటూ ఉండిపోయింది.

ఆ సంగతి ఊరంతా పాకింది. తరవాతి ఏళ్లలో ఇంకా కొన్ని తిమింగలాలు అలాగే పడవల దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. ఎందుకు వస్తాయి? ఒంటి మీద గుల్లల దురద తీరడానికని కొందరంటారు. పడవ ఇంజను చప్పుడు విని వస్తాయని కొందరంటారు. ఊరికే కుతూహలమని ఇంకొందరు. శాస్త్రజ్ఞులు ఒక్క మాట మీదికి రాలేదు.

పచీకో చేపల వేటతోపాటు తిమింగలాలు చూపించే పని కూడా పట్టాడు. కొడుకులూ అదే పనిలోకి వచ్చారు. ఆయన 2013లో చనిపోయాడు.

చూడటానికి ఒక పద్ధతి

తిమింగలాలు చూడటం కూడా ఒక వ్యాపారమే. అది అమెరికాలోని సాన్ డియెగో ఊళ్లో మొదలైంది. 1950లో అక్కడ కొండమీద నిలబడి తిమింగలాలు చూసే చోటు ఏర్పాటు చేశారు. 1955లో ఒక జాలరి మనిషికి ఒక డాలరు తీసుకుని పడవమీద తీసుకుపోయాడు.

ఇప్పుడు చలికాలంలో సాన్ డియెగో నుంచి చిన్న ఓడలు బాహా తీరం వెంబడి దిగువకి వస్తాయి. వేలమంది పట్టే పెద్ద ఓడలు కావివి. ఇరవై ముప్ఫైమందిని ఎక్కించుకునేవి కూడా ఉన్నాయి. దారిలోనే సాన్ బెనీటో దీవులు వస్తాయి. అక్కడ ఇసుక మీద ఏనుగు సీల్ జంతువులు బస్తాలు పడేసినట్టు పడుకుని ఉంటాయి. మగదానికి తొండంలాంటి ముక్కు, రెండు టన్నుల బరువు. వీటిని కూడా నూనెకోసం చంపి చంపి దాదాపు లేకుండా చేశారు. మెక్సికో 1922లో రక్షణ ఇచ్చింది. ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. ఇంకా సముద్ర సింహాలు, డాల్ఫిన్లు, తాబేళ్లు కనబడతాయి. డాల్ఫిన్లు ఓడ ముందు ఎగురుతూ పోటీగా ఈదుతాయి.

ఈ ఓడ ప్రయాణం చాలా ఖరీదు. డబ్బున్నవాళ్ల సరదా. అందులో దాచేదేమీ లేదు. కానీ ఎంత డబ్బున్నా, సరస్సులో తిమింగలం దగ్గరికి పోవాలంటే ఓడ దిగాల్సిందే. ఊరి జాలరి పడవ ఎక్కాల్సిందే. ఆ పడవని పంగా అంటారు. మన తీరంలో ఇంజను పెట్టిన ఫైబరు బోటులాంటిది. పొడవు 22 అడుగులు. ఎనిమిది పదిమంది పడతారు. నడిపేవాడు ఆ ఊరివాడే.

దానికి కట్టుబాట్లున్నాయి. చూసే చోట ఒక్కసారి 16 పడవలకి మించి ఉండకూడదు. ఒక పడవ గంటన్నర కంటే ఎక్కువసేపు ఉండకూడదు. తల్లులూ పసిబిడ్డలూ ఎక్కువగా ఉండే లోపలి నీళ్లలోకి చూసేవాళ్ల పడవలు పోకూడదు. నీళ్లలోకి దిగకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, తరమకూడదు. పడవవాడు దూరంగా నిలిపి ఇంజనుని గేరు తీసి ఊరికే తిరగనిస్తాడు. ఆ చప్పుడుతో పడవ ఎక్కడుందో తిమింగలానికి తెలుస్తుంది. వస్తే దానంతట అది రావాలి.

కొన్ని రోజులు ఏదీ రాదు. దూరాన తుంపరలు చూసి తిరిగి రావాల్సిందే. డబ్బు ఇచ్చాం గదా, దగ్గరికి పోనీ అని అడిగేవాళ్లూ ఉంటారు. పడవవాడు పోనివ్వడు.

వచ్చిన రోజున మాత్రం పడవలో కేకలే కేకలు. ముందు తల్లి వచ్చి చూసిపోతుంది. తరవాత బిడ్డ వస్తుంది. ఒక్కోసారి తల్లే బిడ్డను కిందనుంచి నెట్టి పడవ దాకా తెస్తుంది. ముఖం నీళ్లపైకి నిలువుగా లేపి చూస్తుంది. ముక్కులోంచి తుంపర ఎగజిమ్మి అందర్నీ తడిపేస్తుంది. తోక ఒక్కసారి విసిరితే పడవ ఏమవుతుందో అందరికీ తెలుసు. అది మాత్రం విసరదు.

ఉప్పు కొఠారు గొడవ

తిమింగలాల సీజను జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మిగతా నెలలు వేటే బతుకు. చేపలు, పెద్ద రొయ్యలు పడతారు. చదువుకున్న పిల్లలకి ఉద్యోగాలు లేవు. అలాంటి చోటికి 1990ల్లో ఒక పెద్ద కంపెనీ వచ్చింది. మెక్సికో ప్రభుత్వానికి, జపాను దేశపు మిత్సుబిషి కంపెనీకి కలిపి వాటాలున్న ఉప్పు కంపెనీ అది. కుందేలు కన్ను సరస్సు దగ్గర దానికి అప్పటికే ప్రపంచంలోనే పెద్ద ఉప్పు మళ్లు ఉన్నాయి. ఇక్కడ కూడా మళ్లు కడతామంది. సరస్సు నీళ్లు తోడి ఎడారి నేలలో ఆరబెడతామంది. ఓడలకి సముద్రంలోకి పొడవాటి రేవు కడతామంది. ఉద్యోగాలిస్తామంది.

ఊళ్లో రెండు మాటలయ్యాయి. కొందరు ఉద్యోగాలు వస్తాయన్నారు. కొందరు చేపలు పోతాయి, తిమింగలాలు రావు అన్నారు. ఎవరినీ తప్పుపట్టలేం. ఇంట్లో పొయ్యి వెలగాలి గదా.

ఆ నేల ఉత్త బీడు కూడా కాదు. 1988లోనే ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతమని ప్రకటించింది. 1993లో ఐక్యరాజ్య సమితి సంస్థ యునెస్కో తిమింగలాల సరస్సులను ప్రపంచ వారసత్వ చోట్ల జాబితాలో చేర్చింది. ఒమేరో అరీద్జిస్ అనే కవి, ఆయన తోటి రచయితలు, కళాకారులు ఉప్పు మళ్లు వద్దని మొదట గొంతెత్తారు. తరవాత దేశదేశాల జనం కలిశారు. కంపెనీకి ఉత్తరాలు రాశారు. కార్డు ముక్కలు, కాగితం ముక్కలు, పిల్లల చేతిరాతలు. లక్షల ఉత్తరాలు కంపెనీ గుమ్మం చేరాయి.

అయిదారేళ్లు గొడవ నడిచింది. 2000 సంవత్సరంలో దేశాధ్యక్షుడు ఎర్నెస్తో సెదీయో సరస్సుకి స్వయంగా వచ్చి చూశాడు. మార్చి 2న ఉప్పు మళ్లు కట్టడం లేదని ప్రకటించాడు. తిమింగలాలకి నష్టం లేదనే ఆయన అన్నాడు. ఆ చోటి రూపు మారిపోతుంది కాబట్టి ఆపేస్తున్నామన్నాడు. కారణం ఏదైతేనేం, మళ్లు ఆగాయి.

మరి ఊరివాళ్ల సంగతో? 2005లో ఊరి ఉమ్మడి భూమి మీద ఒక ఒప్పందం అయింది. సుమారు 1,20,000 ఎకరాలు. ఆ నేలలో పెద్ద కట్టడాలు రానివ్వమని ఊరివాళ్లు సంతకాలు చేశారు. బదులుగా ఏటా 25,000 డాలర్లు ఊరి పనులకి వచ్చేట్టు ఒక నిధి పెట్టారు. ఉద్యోగాలకి ఇది సాటి వస్తుందా అంటే రాదు. కానీ నేల వాళ్ల చేతిలోనే ఉంది. తిమింగలాల సీజనులో పడవ పని, వంట పని, బస ఏర్పాట్లు వాళ్లకే దక్కుతున్నాయి.

ఇప్పుడు

1994లో అమెరికా బూడిద తిమింగలాన్ని అంతరించిపోయే జంతువుల జాబితా నుంచి తీసేసింది. అంత బాగా పెరిగాయి. 2016లో లెక్క పెడితే సుమారు 27,000. అదే 2025లో లెక్క పెడితే సుమారు 13,000. తొమ్మిదేళ్లలో సగానికి సగం పోయాయి.

ఈసారి ఎవరూ ఈటె విసరలేదు. 2018 చివరి నుంచి 2023 దాకా అమెరికా, కెనడా, మెక్సికో ఒడ్లకి 690 కొట్టుకొచ్చాయి. చాలావాటి ఒంట్లో కొవ్వు లేదు. ఎముకలు తేలి ఉన్నాయి. భూమి వేడెక్కి ఉత్తరాన మంచు మారిపోతోంది. మంచుని బట్టి అడుగు బురదలో పురుగులు పెరుగుతాయి. ఆ పురుగులు తగ్గితే ఇంత దూరం నడిచే తల్లికి ఒంట్లో కొవ్వు చాలదు. కొవ్వు చాలకపోతే కడుపు నిలవదు. సరస్సులో ఈ మధ్య ఏళ్లలో బిడ్డతల్లులు తగ్గాయని అక్కడ లెక్కలు రాసేవాళ్లు చెబుతున్నారు.

ఆ సరస్సులో కట్టుబాట్లు బాగానే నడుస్తున్నాయి. కానీ 8,000 కిలోమీటర్ల అవతలి మంచు ఆ పడవవాళ్ల చేతిలో లేదు.

ఏప్రిల్ వచ్చేసరికి మగవి, ఒంటరివి ముందే వెళ్లిపోయి ఉంటాయి. బిడ్డతల్లులు చివర్న కదులుతాయి. బిడ్డకి ఇంకొంచెం కొవ్వు పట్టాలని ఆగుతాయి. ఒకరోజు ఆ ఇరుకు దారిలోంచి తల్లీ బిడ్డా సముద్రంలోకి దాటుతాయి. బిడ్డ తల్లి పక్కనే ఒరుసుకుంటూ పోతుంది. జాలర్లు పడవల్లోంచి బల్లలు తీసి వలలు వేసుకుంటారు.